జమీలా వంటబడి

“ఆ పేరు మాత్రం మార్చండి ఆంటీ. అది చూస్తే మీ బళ్లో సీటు ఎవరూ బుక్ చేసుకోరు,” అంది ప్రసన్న, లాప్‌టాప్ తెర మీద వేలు పెట్టి.

తెర మీద పెద్దక్షరాల్లో ‘జమీలా వంటబడి’ అని ఉంది. దాని కింద పొగలు కక్కుతున్న మాంసం పులావు పళ్లెం, పక్కన ‘సీటు బుక్ చేసుకోండి’ అని ఆకుపచ్చ బటన్.

“పేరు మార్చేటట్టయితే ఈ వెబ్‌సైటే నాకొద్దమ్మా,” అంది సత్యదుర్గ.

ఉప్పలగుప్తంలో ఆమె వంటబడి పెట్టింది గల్ఫ్ వెళ్లే ఆడవాళ్ల కోసం. అక్కడి ఇళ్లలో వంటపనికి కుదిరినవాళ్లు వారం రోజులు ఇక్కడ నిలబడితే, అరబ్బు వంటలు ఓ పాతిక నేర్పి పంపుతుంది. కాట్రేనికోన నుంచి, ముక్తేశ్వరం నుంచి కూడా వస్తున్నారు. కువైట్‌లో ఉన్న అక్కలు ఫోన్లోనే ఇక్కడి చెల్లెళ్లకి సీటు పట్టేలా ఉండాలని, అమలాపురంలో వెబ్‌సైట్లు చేసే ప్రసన్నని పిలిపించింది.

“మీ పేరే పెట్టుకోవచ్చు కదా ఆంటీ? జమీలా అంటే ఇంకెవరో అనుకుంటారు.”

“అదీ నా పేరేనమ్మా.”

అరుగు మీద కొబ్బరికాయలు ఒలుస్తున్న ఆమె మొగుడు బుచ్చిరాజు కిసుక్కున నవ్వాడు. “ఆ పేరుకి అర్థమేంటో అడగమ్మా, అడుగు.”

సత్యదుర్గ తల వంచుకుంది. “అందమైనదని.”

ప్రసన్న ఆమె మొహంలోకి చూసి, చప్పున చూపు తిప్పేసుకుంది. చిన్నప్పుడు మరిగే గంజి ఒలికి సత్యదుర్గ ఎడమ చెంపంతా ముడుచుకుపోయింది. ఆ వైపు కన్ను సగమే తెరుచుకుంటుంది.

“మా అమ్మ బతికున్నన్నాళ్లూ దీన్ని మాడుమొహం అనే పిలిచిందమ్మా. విమానం ఎక్కేసరికి అందగత్తె అయిపోయింది!” అన్నాడు బుచ్చిరాజు.

“ఎవరు పెట్టేరాంటీ ఆ పేరు?” అని అడిగింది ప్రసన్న, నవ్వు ఆపుకుంటూ.

“నూరా అని, కువైట్‌లో నేను పనిచేసిన ఇంటి పిల్ల. అప్పటికి దానికి మూడేళ్లు. మొదటి రోజు నేనలా వంటింట్లో అడుగుపెట్టేనో లేదో, పరిగెత్తుకొచ్చి నా కాళ్లు వాటేసుకుంది. ‘జమీలా’ అంది. అంటే ఏంటని డ్రైవర్నడిగితే చెప్పేడు. నా మొహం చూసి ఆ మాట అన్న మనిషి ఈ భూమ్మీద అదొక్కత్తేనమ్మా. నేనక్కడున్న నాలుగేళ్లూ అలాగే పిలిచింది. నేను వచ్చేసేటప్పుడు నా కొంగు వదల్లేదు.”

“నువ్వొచ్చేసి పదహారేళ్లయింది. ఆ పిల్లకి నువ్వింకా గుర్తుంటావా?” అన్నాడు బుచ్చిరాజు.

“ఈ మొహాన్ని ఒకసారి చూసినోళ్లు మర్చిపోతారాండి?”

బుచ్చిరాజు ఇంకో కొబ్బరికాయ అందుకున్నాడు. ప్రసన్న కూడా ఇంక పేరు జోలికి పోలేదు. “సరే ఆంటీ, పేరు ఉంచేద్దాం. కానీ మీ ఫొటో వద్దులెండి. పిండి పిసికే చేతులు పెడదాం. చాలు,” అంది.

“ఆయ్, అలాగేనమ్మా,” అంది సత్యదుర్గ. అలాంటి మాటలు ఆమెకి కొత్త కాదు. “మరో సాయం చెయ్యాలి. నూరా ఇప్పుడెక్కడుందో వెతికి, దానికి ఈ వెబ్‌సైటు పంపాలి.”

వాళ్ల ఇంటిపేరు చెప్పింది. ప్రసన్న తన ఫోన్ తీసి ఇన్‌స్టాగ్రామ్‌లో అరగంట వెతికాక, తెల్ల గౌనులో పెళ్లికూతురు ఒకత్తి కనబడింది. గడ్డం మీద సొట్ట చూసి సత్యదుర్గ “ఇదే, ఇదే నా తల్లి!” అని ఫోన్ గుండెలకి హత్తుకుంది.

“ఏమని రాయమంటారు? ఫలానా సత్యదుర్గ అనా?”

“ఏమీ రాయకు. ఊరికే పంపు. పేరు చూసి అదే పోల్చుకోవాలి.”

మూడో రోజు బుకింగులు చూసుకోవడం నేర్పడానికి ప్రసన్న మళ్లీ వచ్చింది. పదకొండు మంది ఆడవాళ్లు వరసగా నిలబడి రొట్టెలు ఒత్తుతున్నారు. లాప్‌టాప్ తెరవగానే మొదటి బుకింగు వచ్చి ఉంది. ఊరు కువైట్. పేరు నూరా.

సత్యదుర్గ పిండి చేతులతోనే వీధిలోకి పరిగెత్తింది. “ఏవండీ! ఇలా రండి! నా పిల్ల పోల్చుకుందండి! అందరికంటే ముందు అదే బుక్ చేసింది!”

బుచ్చిరాజు కత్తి కింద పడేసి వచ్చాడు. ఆడవాళ్లు రొట్టెలు వదిలేసి చుట్టూ మూగారు. “మనమ్మగారిని జమీలా అన్న పిల్ల ఈవిడేనంట,” అని ఒకరికొకరు చెప్పుకున్నారు. పేరు కింద గడిలో నూరా ఇంగ్లీషులో నాలుగు ముక్కలు రాసింది. ప్రసన్న వాటిని మనసులో చదువుకుంది. ఆమె మొహంలో రంగు మారింది.

“తర్వాత చూద్దాం ఆంటీ.”

“తర్వాతేంటమ్మా? పైకి చదువు. తెలుగులో చదువు. ఈయన కూడా వినాలి.”

“ఆంటీ…”

“చదవమంటుంటే!”

ప్రసన్న ఎవరి వైపూ చూడకుండా చదివింది.

“ ‘నాకు పెళ్లయింది, కొత్తింటికి ఒక జమీలా కావాలి, మీ బడి నుంచి ఒకామెను పంపండి. ఆమె అసలు పేరు ఏదైనా ఫర్వాలేదు. మా ఇంట్లో వంటింట్లోకి ఎవరొచ్చినా జమీలా అనే పిలుస్తాం.’ ”