మేడమ్ ముర్దాబాద్

ముర్దాబాద్ అనడం సువార్తకి చేతకావడం లేదు.

ఎంత గట్టిగా మొదలుపెట్టినా చివరికది పాటైపోతోంది. చర్చిలో ఏళ్ళ తరబడి పాడిన గొంతు మరి. "మేడమ్... ముర్దా...బాద్" అని ఆమె రాగం తీయగానే వెనకున్న ఆడవాళ్ళంతా అదే శ్రుతిలో అందుకుంటున్నారు.

పార్థసారథి తల పట్టుకున్నాడు. "అమ్మా, మనం చేసేది ఆరాధన కాదు, ఆందోళన!"

"ఆ ఆరాధన కోసమే కదండీ ఈ తిప్పలన్నీ," అంది సువార్త.

ఆరాధన ఆమె కూతురు. ఏడేళ్ళది.

దేశ రాజధానిలో జనక్‌పురి వెనక, మురుగుకాలువ గట్టున ఉంది వాళ్ళ బస్తీ. గోదావరి జిల్లాల నుంచి ఆస్పత్రి ఉద్యోగాలకి వచ్చిన కుటుంబాలు అక్కడ చాలానే ఉన్నాయి. సువార్త కూడా నర్సే. నిరుడు బస్తీ పక్కనే ఒక షెడ్డు లేచింది. పాత చెప్పులు, వైర్లు లారీల్లో తెచ్చి అందులో కరిగిస్తారు. పొగ నల్లగా, జిగటగా ఇళ్ళ మీదికి దిగుతుంది. సువార్త ఆరేసిన తెల్ల యూనిఫాం సాయంత్రానికి లాయరు కోటైపోతుంది. అంతవరకైతే నవ్వుకోవచ్చు. కానీ ఆరాధన ఛాతీలో పిల్లికూతలు మొదలయ్యాయి.

కాలుష్యం ఆఫీసులో అర్జీ ఇచ్చారు. అక్కడి ఆఫీసరు తెలుగావిడే అని తెలిసి సంబరపడ్డారు కూడా. మేడమ్ అర్జీ తీసుకుంది. కళ్ళజోడు పైనుంచి చూసింది. "చూస్తాం" అంది. మళ్ళీ వెళ్తే మళ్ళీ "చూస్తాం."

సరిగ్గా అప్పుడే ఈ పార్థసారథి ఎక్కడినుంచో ఊడిపడ్డాడు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగమట. సరోజినీ నగర్‌లో ఉంటాడట.

"అర్జీలతో పనవదండీ, గోల చెయ్యాలి," అన్నాడు. "మంగళవారం వెళ్దాం. ఆ రోజు డైరెక్టరుగారు ఉంటారు. వేపచెట్టు పక్క కిటికీ కింద నిలబడాలి. ఆయన గది అదే."

సువార్త భర్త జాన్‌బాబు బుర్ర గోక్కున్నాడు. "ఇయ్యన్నీ మీకెలా తెలుసండీ?"

"కనుక్కుంటే తెలుస్తాయండీ," అన్నాడు పార్థసారథి. పొగ మీదున్న కోపంలో ఇంకెవరూ ఏమీ అడగలేదు.

మంగళవారం బస్తీ అంతా ఆ ఆఫీసుకి కదిలింది.

మొదట్లో అంతా అనుకున్నట్టే నడిచింది. "సాఫ్ గాలి మా హక్కు!" అన్నాడు పార్థసారథి. అందరూ అందుకున్నారు. "మేడమ్ ముర్దాబాద్!" అన్నాడు. అదీ అందుకున్నారు, కాస్త రాగంతోనే. ఆ తర్వాత ఆయనకి ఊపొచ్చింది. అక్కడినుంచి వచ్చినవేవీ ప్రాక్టీసు చేసినవి కావు.

"చెప్పిందే వందసార్లు చెప్పే మేడమ్!"

"ముర్దాబాద్!"

"ఎదుటివాడి మాట చెవినెయ్యని మేడమ్!"

"ముర్దాబాద్!"

"కుంభకర్ణుడి చెల్లెలు!"

ఆ మొహంలో వెలుగు చూసి జాన్‌బాబుకే ముచ్చటేసింది. ఎన్నేళ్ళుగానో కడుపులో దాచుకున్నవన్నీ కక్కుతున్నట్టున్నాడు మనిషి.

మేడమ్ విసురుగా మెట్ల మీదికొచ్చింది. మొహం కందగడ్డలా ఉంది.

"ఏయ్, ఎవరయ్యా నువ్వు? నోటికొచ్చినట్టు అరవడానికి ఇది నీ ఇల్లనుకున్నావా?"

"ఇంట్లో ఇలా అరిచే ధైర్యం ఎవడికుందండీ!" అన్నాడు పార్థసారథి.

జనం ఘొల్లుమన్నారు. మేడమ్ నవ్వలేదు. ఆమె చూపు చూసి సెక్యూరిటీ వాళ్ళు ఆయన వైపు కదిలారు. పార్థసారథి ఒక అడుగు వెనక్కి వేశాడు.

సువార్త గబగబా ముందుకొచ్చి ఆయనకి అడ్డంగా నిలబడింది. ముర్దాబాద్ అందామనుకుంది. రాలేదు.

"మా పాప కూర్చునే నిద్రపోతంది మేడమ్," అంది. "పడుకుంటే ఊపిరాడదు. నేను ఆస్పత్రిలో ఊళ్ళోవాళ్ళందరికీ ఆక్సిజన్ పెడతాను. నా బిడ్డకి మాత్రం గాలి లేదు."

సెక్యూరిటీ వాళ్ళు ఆగిపోయారు. వేపచెట్టు పక్క కిటికీ తెరుచుకుంది. కాసేపటికి డైరెక్టరే కిందికి దిగొచ్చాడు.

"ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నారు మేడమ్?" అని హిందీలో గద్దించాడు.

"ఫైలు మీ బల్ల మీదే ఉంది సార్. జనం కదిలినప్పుడు చూద్దాం అన్నారు మీరు," అంది మేడమ్. "కదిలారు."

డైరెక్టరు తలెత్తి చూశాడు. బస్తీవాళ్ళ చేతుల్లో ఉన్న ఫోన్లన్నీ తనవైపే తిరిగి ఉన్నాయి. గబగబా జేబులో పెన్ను వెతుక్కున్నాడు.

సాయంత్రానికి షెడ్డుకి సీలు పడింది. ఆరాధన డాబా ఎక్కి, "మమ్మీ, ధువా బంద్! పొగ బంద్!" అని చిందులేసింది. బస్తీవాళ్ళు పార్థసారథి మెడలో బంతిపూల దండ వేశారు. సువార్త దగ్గరుండి చికెన్ బిర్యానీ వడ్డించబోయింది. ఆయన ప్లేటు ముట్టుకోలేదు.

"మేడమ్ చూపు చూస్తే నాకే భయమేసిందండీ. మీకు అస్సలు భయమెయ్యలేదా?" అంది సువార్త.

"ఇప్పుడు మొదలైందమ్మా," అన్నాడు పార్థసారథి.

అందరూ పగలబడి నవ్వారు. ఎంత తమాషా మనిషో అనుకున్నారు. మెట్రో స్టేషన్ దాకా జిందాబాద్ కొడుతూ సాగనంపారు.

సరోజినీ నగర్‌లో దిగాక పార్థసారథి దండ తీసి సంచిలో కుక్కాడు. క్వార్టర్స్ మెట్లు నెమ్మదిగా ఎక్కాడు. గుమ్మం ముందు రెండుసార్లు గొంతు సవరించుకుని, బెల్లు నొక్కాడు.

"ఏమండీ, నేను నేర్పి పంపినదానికన్నా నాలుగు తిట్లు ఎక్కువే తిట్టారు, ఇవాళ్టి నుంచి వంట మీదే," అంది తలుపు తీసిన మేడమ్.