కోటు కింద యూనిఫాం

లంచ్ బెల్లు మోగగానే ఫేబీ పరుగందుకుంది. ఈ బస్సు పోతే మళ్లీ గంట దాకా లేదు. న్యూజిలాండ్ దక్షిణపు కొసన ఉన్న ఇన్వర్‌కార్గిల్ గాలి ఎముకల్లోకి దూరుతోంది. బస్సెక్కి డబ్బా తెరిచి రెండు చెంచాల పులిహోర తినేలోపే కళ్లు మూతలు పడ్డాయి.

ఒంటిగంటకి పాలిటెక్నిక్ కాలేజీలో క్లాసు. నర్సింగ్ మొదటి ఏడాది, శరీరశాస్త్రం పేపరు. మంగళవారం, గురువారం. అక్కడ అందరికీ ఇరవై దాటాయి. ఫేబీకి పదిహేడు, హైస్కూల్లో ఆఖరి ఏడాది. లోపలికి అడుగుపెట్టే ముందు యూనిఫాం కనబడకుండా కోటు జిప్పు గొంతుదాకా లాగుతుంది. వందమందిలో చిట్టచివరి వరసలో కూర్చుంటుంది. జవాబు తెలిసినా చెయ్యి ఎత్తదు. టీచరు తుమ్మినా రాసుకునేంత శ్రద్ధగా నోట్సు మాత్రం రాస్తుంది.

బడిలో పని కుప్పలు పడిపోయింది. బడిలో పిల్లల మంచిచెడ్డలు చూసే డీన్ మిస్ వాట్సన్ పిలిపించింది.

"కాల్క్యులస్ క్లాసులో నిద్రపోయావట. కెమిస్ట్రీ రిపోర్టు ఇవ్వలేదు. మధ్యాహ్నాలు కనబడటం లేదు. ఏమిటి సంగతి?"

"పాలిటెక్నిక్‌లో క్లాసుంది మిస్."

"బడిలో ఉండగానే కాలేజీ చదివే పిల్లలు లేకపోలేదు. కానీ నీ మొహం చూసుకున్నావా? అది వదిలెయ్ ఫేబీ. కాలేజీ ఎక్కడికీ పోదు."

"వదలడం నా చేతుల్లో లేదు మిస్."

నిజంగానే లేదు. ఈ పేపరు తప్పితే కోర్సులోంచి పేరు తీసేస్తామని పాలిటెక్నిక్ నుంచి ఉత్తరం వచ్చింది. తల్లి గ్రేసమ్మ దాన్ని ఫ్రిజ్ తలుపుకి అంటించింది. పాలు తీసినప్పుడల్లా ఫేబీ కంటపడుతూనే ఉంటుంది.

గ్రేసమ్మ వృద్ధాశ్రమంలో కేర్‌గివర్. పొద్దున్న ఏడు నుంచి మూడున్నర దాకా ముసలివాళ్లని లేపడం, స్నానాలు చేయించడం. షిఫ్టు మార్చమంటే మేనేజరు వినలేదు. ఇంటికి నడుం పట్టుకుని వస్తుంది. వచ్చినా ఊరుకుంటుందా? అన్నం తిన్న కంచాలు సింకులో పడగానే మొదలు.

"ఇవాళ ఏం చెప్పారే?"

ఫేబీ ఇంగ్లీషులో గడగడా అప్పజెప్పింది. గ్రేసమ్మ సబ్బు చెయ్యి అడ్డం పెట్టింది.

"తెలుగులో చెప్పు. నాకు అర్థమయ్యేట్టు."

ఇక్కడే పుట్టిన పిల్లాయె, తెలుగు అంతంతమాత్రం.

"కిడ్నీకి బ్లడ్ వస్తుంది మమ్మీ. అది టీ వడకట్టినట్టు చేస్తుంది. మంచిది వెనక్కి. చెత్త బయటికి."

"మరి వడకట్టినప్పుడు మంచిది కూడా కొంత కిందకి దిగిపోతుందిగా? అది మళ్లీ వెనక్కెలా వస్తుంది?"

ఫేబీ నోట్సు మళ్లీ తిరగేసింది. అక్షరాలు అలుక్కుపోయాయి.

"మమ్మీ, కెమిస్ట్రీ రిపోర్ట్ రేపు ఇవ్వాలి. ప్లీజ్."

"ఈ ఒక్కటీ చెప్పేసి వెళ్లు బంగారం. సగం సగం అయితే ఏం లాభం?"

గానుగెద్దుకైనా పొద్దుగూకితే కాడి దించుతారు. ఫేబీ గోడకి తల ఆనించి ఏడ్చింది. గ్రేసమ్మ చేతులు తుడుచుకుని వచ్చి పక్కన నిలబడింది. కాసేపయ్యాక ఫేబీయే ముక్కు చీదుకుని నోట్సు తెరిచింది.

ఆదివారం చర్చిలో ఒక ఆంటీ ఫేబీ బుగ్గ పుణికింది. "మావాడు నిన్ను పాలిటెక్నిక్‌లో చూశాడట. ఇంత చిన్న వయసులో కాలేజీ చదువా తల్లీ! గ్రేసమ్మా, నీ అదృష్టమే అదృష్టం!"

గ్రేసమ్మ తల దించుకుని బైబిలు పేజీలు తిప్పింది.

జూన్ చివర్లో, అక్కడి నడి చలికాలంలో పరీక్ష. గ్రేసమ్మ ఆ రోజు సెలవు పెట్టింది. ఫేబీ రెండు పీరియడ్లు ఎగ్గొట్టింది. బస్సులో ఫేబీ కిడ్నీ పాఠం మొదట్నుంచీ చివరిదాకా పెదాల మీదే చెప్పింది. గ్రేసమ్మ కళ్లు మూసుకుని తలాడిస్తూ కూర్చుంది.

హాలు బయట మంచు ఇంకా కరగలేదు. తల్లీకూతుళ్లు చేతులు పట్టుకుని ప్రార్థన చేసుకున్నారు. బస్సుల వెంట పరుగులూ, పోగొట్టుకున్న మార్కులూ, ఏడ్చిన సాయంత్రాలూ అన్నీ ఈ రెండు గంటల్లో తేలిపోవాలి. ఇంత చేసీ తప్పితే తట్టుకోలేననిపించింది ఫేబీకి.

గుమ్మంలో నిలబడ్డ పెద్దావిడ స్టూడెంట్ కార్డు మీది ఫోటోనీ ఎదురుగా ఉన్న మొహాన్నీ మార్చి మార్చి చూసి, "గుడ్ లక్, గ్రేసమ్మా!" అని తలుపు తీసింది. గ్రేసమ్మ లోపలికి నడిచింది; బయటే ఆగిన ఫేబీ కోటు జిప్పు కిందికి లాగింది.