వాచీ విప్పిన చెయ్యి

శివప్రసాద్ భార్య తలని కారు తలుపుకేసి కొట్టాడు. ఉదయశ్రీ పెదవి చిట్లింది.

"ఒక్క ఫోటో ప్రాపర్‌గా తియ్యలేవా? రెండు గంటలు డ్రైవ్ చేసింది ఇందుకేనా?"

సిడ్నీకి దూరంగా, ఇంగ్లీషువాళ్లు తమ పల్లెల పోలికలో కట్టుకున్న పాత ఊరు అది. రాతి చర్చి వెనక పార్కింగులో ఆ ఇద్దరూ, కారు వెనక సీట్లో అతని తల్లి కోటమ్మా తప్ప ఎవరూ లేరు.

"ఊరుకో ఉదయా, సర్దుకుపో," అంది కోటమ్మ. మొగుడు పోయేదాకా తనకి తాను చెప్పుకున్న మాటే అది.

శివప్రసాద్ వాచీ విప్పి జేబులో వేసుకుని మళ్లీ చెయ్యెత్తాడు.

కోటమ్మ ఆ చేతినే చూసింది. తనని కొట్టబోయే ముందు వాడి నాన్న కూడా అలాగే వాచీ విప్పేవాడు. పిల్లాడు నిద్రపోతున్నాడని ఆమె నోరు నొక్కుకుని ఏడ్చేది. వాడు నిద్రపోలేదన్నమాట.

ఆమె కారు దిగి, చేతిలోని స్టీలు ఫ్లాస్కుతో కొడుకు మోచేతి మీద బలంకొద్దీ కొట్టింది. శివప్రసాద్ కెవ్వుమని కూలబడ్డాడు.

"అమ్మా! పిచ్చెక్కిందా నీకు?"

"ఎప్పుడో ఎక్కిందిరా. ఇప్పుడే దిగింది."

కోటమ్మ కోడలి పెదవిని కొంగుతో అదిమి పట్టింది.

"కారు నువ్వు తియ్యి తల్లీ, పోలీసుల దగ్గరికి పోదాం. వాడు కొట్టిందీ, నేను కొట్టిందీ రెండూ చెప్తాను."