పది గంటల వణుకు

గోడ వణికింది.

గోడకు బిగించిన ఇనుప రాక్ వణికింది. రాక్‌లో ఊదారంగు దీపం కింద ఉన్న టొమాటో మొక్క వణికింది. ఓ పసుపు రేకు తిరుగుతూ వచ్చి మెకానిక్ అరచేతిలో పడింది.

ఆయన గడియారం చూశాడు. సరిగ్గా పది.

ఇది ఆరో రోజు. ముందు పక్కగదిలో బరువైనదేదో ఈడ్చిన చప్పుడు. తర్వాత పది నిమిషాలు వణుకు. మళ్ళీ ఈడ్చిన చప్పుడు. అంతే.

ముప్ఫై ఏళ్ళు లిఫ్టులు బాగుచేసినవాడు ఆయన. వణుకు ఉన్నచోట రోగం ఉంటుందన్నదే ఆయనకు తెలిసిన వేదం.

అది మామూలు మొక్క కాదు. భార్య కిటికీలో డబ్బాలు పెట్టి పెంచిన రకం. ఆమె నిరుడు పోయింది. ఎదురుగా లేచిన ఏడంతస్తుల మేడ కిటికీలోని ఎండను మింగేసింది. ఆమె దాచిన పొట్లంలో పదకొండు గింజలు దొరికితే, దీపం కొనుక్కొచ్చి మరీ వేశాడు. మొలిచింది ఒక్కటే.

ఇది కాయకపోతే ఆమె టొమాటో ఇక లేనట్టే.

విసవిసా వెళ్ళి పక్క తలుపు బాదాడు.

తీసింది మిషనావిడ. బట్టలు కుట్టుకుని బతికే మనిషి, కొత్తగా దిగింది. మొక్క తొలిమొగ్గ వేసిన రోజున తలుపులోంచి చూసి ముచ్చటపడి చెయ్యి చాపితే, "దూరంగా ఉండమ్మాయ్! నా పెళ్ళాం గుర్తు అదొక్కటే" అని కసిరాడు. దగ్గుకుంటూ వెళ్ళిపోయింది.

"మిషను గోడకానించి తొక్కుతున్నావా?"

"పది నిమిషాలే కదా బాబాయ్."

"ఆ పది నిమిషాలకే నా పూలు రాలుతున్నాయి!"

ఆవిడ ముఖం వెలిగింది.

"రేకులేనా? రాలనీండి బాబాయ్. రాలాలి. రాలితేనే..."

"రాలాలా?"

ఆయన చూపు ఆవిడ భుజం మీంచి లోపలికి దూసుకుపోయింది. గోడకు ఆనించి, ఇనుప కాళ్ళ పాత మిషను. సూదిలో దారం లేదు. సూది కింద గుడ్డ లేదు.

దొంగ దొరికిపోయింది!

"ఖాళీ మిషను తొక్కుతున్నావన్నమాట! ఎవరి మీద కక్ష?"

"కక్షేంటి బాబాయ్? ఒక్క మాట వినండి, ఆ పూలకి..."

"నా పూల ఊసెత్తావంటే మర్యాద దక్కదు!"

సాయంత్రానికల్లా ఇంటి ఓనరు ముందు పంచాయితీ పెట్టాడు. పాత మెకానిక్కు మాటెక్కడ, నిన్నగాక మొన్న దిగిన మిషనావిడ మాటెక్కడ? వారంలో ఖాళీ చేయమన్నాడు ఓనరు.

వెళ్ళే రోజు ఆవిడ మూడుసార్లు తలుపు తట్టింది.

"బాబాయ్, ఒక్క నిమిషం. మొక్క సంగతే."

ఆయన తలుపు కన్నంలోంచి చూశాడు. తీయలేదు. కూలీలు మోస్తుంటే మిషను మెట్లకు గణగణా కొట్టుకుంటూ దిగిపోయింది.

ఆనాటి నుంచి గోడ బుద్ధిగా నిలబడింది. మొక్క విరగబూసింది.

"చూశావా, పీడ వదిలింది!" అన్నాడు భార్య ఫొటోతో.

నాలుగో రోజు ఓ పువ్వు రాలింది. ఈసారి రేకు కాదు. తొడిమతో సహా మొత్తం పువ్వు.

మర్నాడు రెండు. ఆపైన గుత్తులకు గుత్తులు. నీళ్ళు తగ్గించాడు. దీపం పైకి జరిపాడు. రాక్ బోల్టులన్నీ విప్పి మళ్ళీ బిగించాడు. మూడు వారాల్లో ఒక్క పువ్వు మిగల్లేదు.

నర్సరీ నడిపే అతన్ని బతిమాలి ఇంటికి తెచ్చుకున్నాడు. అతను రాలిన పువ్వును గోటితో చీల్చి నవ్వాడు.

"లోపల గాలి ఆడదు. తేనెటీగ రాదు. మరి పుప్పొడిని ఎవరు రాలుస్తారనుకున్నారు పెద్దాయనా? పూసినన్నాళ్ళూ రోజుకోసారి కుదపాలి. లేకపోతే పువ్వు పువ్వుగానే పోతుంది."

"కుదపాలా?" మెకానిక్ పక్కగది గోడ వైపు చూశాడు.

"ఆ. కానీ ఈ మొక్కకిక పూసే ఓపిక లేదు." అతను ఊదా దీపం ఆర్పి టార్చి వేశాడు. "ఆగండాగండి. అడుగు గుత్తిలో కాయుంది! ఊదా వెలుగులో పచ్చకాయ నల్లగా కనబడుతుంది లెండి, మీరు చూసుండరు. నిమ్మకాయంత అయింది. నెల కిందటిది."

"గింజలకు పనికొస్తుందా?"

"బోలెడు గింజలు. మీ టొమాటోకి ఢోకా లేదు. నెల కిందట ఎవరో బాగానే కుదిపారే! ఎవరండీ?"

మెకానిక్ అప్పటికే మెట్లు దిగుతున్నాడు. చెప్పులు కూడా వేసుకోలేదు.

"ఆ అమ్మాయి ఎక్కడికెళ్ళింది?"

"చెప్పలేదండీ. ఫోనూ కలవట్లేదు," అన్నాడు ఓనరు.

"ఆ గది ఒక్కసారి తీయండి."

గది ఖాళీ. కిటికీ దగ్గర, వెలుతురు పడేచోట, మిషను కాళ్ళు నొక్కుకుపోయిన నాలుగు గుంటలు. దారపు ముక్కలు, గుడ్డ పీలికలు అక్కడే.

కుట్టుకునేది అక్కడ.

అక్కడి నుంచి గచ్చు మీద గీరుకుపోయిన రెండు తెల్లటి గీతలు, గదికి ఈ కొస నుంచి ఆ కొసకు. ఆయన వాటి వెంట నడిచాడు. అవతల తన మొక్క ఉన్నచోట, గోడను తాకి ఆగాయి.

గోడ మీద చెయ్యి ఆనించి నిలబడిపోయాడు.

"ఆ పిల్లకి ఇదంతా ఎలా తెలుసు?"

"ఏదంతా?" ఓనరుకు ఏమీ అర్థం కాలేదు. "కుట్టుపనికి కొత్తేనండీ ఆవిడ. అంతకుముందు పన్నెండేళ్ళు ఏదో టొమాటోల గాజుషెడ్డులో పూలు కుదిపే పనట. ఆ పుప్పొడికే ఊపిరితిత్తులు పాడయ్యాయి పాపం, బరువైనదేదీ ఈడవకూడదని డాక్టరు గట్టిగా చెప్పాడట."