ఎర్ర మేజోడు

స్వీడన్‌లోని ఉమియోకి చదువుకోడానికొచ్చిన మూడు వారాల్లో నాకిది ఆరో చీటీ. మా బిల్డింగు కింద, బట్టలుతికే గదిలో, మెషీన్ మీద అంటించారు: "ఇనేస్, నీ ఎర్ర మేజోడు లోపలే వదిలేశావు. సిగ్గులేదూ?"

పక్కింటి గున్‌వోర్ కనబడగానే విరుచుకుపడ్డాను. "మొహం మీద తిట్టే దమ్ము లేదా మీకు?"

"ఇక్కడంతే పిల్లా, చీటీతోనే తిడతాం. అయినా పొద్దుట్నుంచీ ఈ గది తాళం నీ దగ్గరే కదా!" అని ఆవిడ మెట్లెక్కి వెళ్లిపోయింది.

బయట మధ్యాహ్నం మూడున్నరకే చీకటి పడింది.

"నేనింకా ఒక్క గుడ్డ కూడా ఉతకలేదు!" అని అరుస్తూ మెషీన్ తలుపు లాగాను. లోపల తడిసిన ఎర్ర మేజోడు ఒక్కటే ఉంది.

నా ఎర్ర జత పొద్దున్నే తొడుక్కున్నాను. ఒళ్లు మండి ఎడమ బూటు విప్పాను. మేజోడుంది.

కుడి బూటులో నా ఉత్త కాలివేళ్లకి తోలు చల్లగా తగిలింది.