కొంగు చాటు హాజరు

“వినోదక్కా, కొంగు తియ్యి. మొకం వడ్తలేదు.”

పని చూసుకునే మేట్ నవీన హాజరు ఫోటో కోసం ఫోన్‌ను రెండు చేతులతోని ఎత్తి పట్టుకొని అరిచింది. ఉపాధి పని కింద పిల్లకాలువ పూడిక తియ్యనీకి వచ్చిన పద్దెనిమిది మంది తట్టలు, పారలు ముంగట పెట్టుకొని వరుసగ నిలవడ్డరు. అందరి మొకాలు ఎండకు మెరుస్తున్నయి. వినోద ఒక్కతే కండ్లు తప్ప ఏం కనవడకుంట కొంగు చుట్టుకున్నది.

“నేను తియ్య. గిట్లనే కొట్టు,” అన్నది.

“నిన్న గట్లనే కొడితె పై సార్లు ఫోన్ చేసి తిట్టిండ్రు. మొకాలు కనవడాల్నట. లేకుంటె నీ ఒక్కదాని హాజరే కాదు, మొత్తం ఫోటోనే చెల్లదట.”

దాంతోని వరుస మొత్తం వినోద దిక్కు తిరిగింది.

“ఏందే పిల్లా, నీ అందానికి దిష్టి తగుల్తదా?” అన్నది పోశవ్వ. అరవై ఏండ్ల మనిషి. ఫోటో కోసమని రోజు సీసల నీళ్లతోని మొకం కడుక్కొని, బొట్టు దిద్దుకొని మరీ నిలవడ్తది. “నన్ను చూడు. ముంగటి పండ్లు రెండు లేకున్నా నవ్వుతనే ఉంట. మొన్న మా అల్లుడు పెద్దపల్లిల ఫోన్ తెరిచి చూసిండట. అత్తా, అందరికన్న నువ్వే మంచిగ పడ్డవు అన్నడు.”

“నీకేం అత్తా, మామ ఊర్లనే ఉన్నడు.” వినోద నవీన దిక్కు తిరిగింది. “చెల్లె, గీ ఫోటో ఎటు వోతది?”

“సర్కారు సైటుకు.”

“ఎవలెవలు చూస్తరు?”

“చూడాల్నంటె ఎవలైన చూడొచ్చు. ఊరి పేరు కొట్టి, తారీకు కొడితె చాలు. ఢిల్లీల కూసున్నోడైనా సరే, దునియాల ఏడ ఉన్నోడైనా సరే.”

“గదే నా పరేషాన్! పని అయిందా లేదా అంటె కాలువను చూడుమను. తీసిన మట్టిని కొల్సుకోమను. నా మొకంతోని సర్కారుకు ఏం పని?”

“కాలువను చూస్తె మట్టి ఎవలు తీసిండ్రో తెలుస్తదా అక్కా? పేర్లు రాయించుకొని ఇంట్ల పండుకున్నోళ్లు లేకుంటె గీ ఫోటోలు ఎందుకొస్తుండె? ఎవలు పని చేసిండ్రో, ఎవలు చెయ్యలేదో అందరికి తెల్వాలె గద.”

“తెల్వనియ్యి! మా ఇంటాయనకు తప్ప అందరికి తెల్వనియ్యి!”

అందరు గొల్లున నవ్విండ్రు. వినోద మాత్రం కొంగు ఇంకింత బిగించుకున్నది. పోయిన ఎండకాలం ఆమెకు వడదెబ్బ తాకిందని విని మస్కట్‌ల ఉన్న మల్లేష్ ఫోన్లనే ఒట్టు వేయించుకున్నడు, ఇంక ఎండల పనికి పోవద్దని. వేసింది. కొన్ని నెలలు ఇంట్ల కూసున్నది. గోడలతోని మాట్లాడి మాట్లాడి యాష్టకొచ్చింది. ఈడికి వస్తె పోశవ్వ మాటలకు కడుపు చెక్కలైతది. తెచ్చుకున్న సద్ది పది మంది పంచుకొని తింటరు. పనికి రావట్టి రెండు నెలలాయె. మల్లేష్ పొద్దుమూకినంక ఫోన్ చేసినప్పుడల్లా “ఇంట్లనే ఉన్న” అనుడే. ఫోటోలు అందరికి కనవడ్తయని మొన్న పోశవ్వ అల్లుడి ముచ్చట విన్నంకనే తెలిసింది. నిన్నటి సంది కొంగు కప్పింది.

“పదకొండు దాటితె ఫోటో ఎక్కదు అక్కా,” నవీన బతిమాలింది. “పదిహేడు మంది కష్టం గంగల కలుస్తది.”

వినోద వరుసలకెళ్లి పక్కకు జరిగింది. “నన్ను ఇడిసిపెట్టి కొట్టుకోండ్రి. నేను ఇంటికి వోత. రేపటి సంది రాను.”

“ఏడికి వోతవు?” పోశవ్వ రెక్క పట్టుకున్నది. “నువ్వు లేకుంటె నా మాటలు ఎవలు వింటరే? మా ముసలాయన ఎన్నడో ఇనుడు బందువెట్టిండు.”

గప్పుడే వినోద నడుముకు చెక్కుకున్న ఫోన్ మోగింది. మల్లేష్! పగటిపూట ఎన్నడు చెయ్యని మనిషి. వినోద అందరి దిక్కు చూసి పెదవుల మీద వేలు పెట్టింది. పద్దెనిమిది నోళ్లు ఒక్కపాలి మూతవడ్డయి.

“హలో, ఏంది గీ యాళ్లకు చేసినవ్?”

“నీ తబియత్ ఎట్లున్నది?”

“మంచిగనే ఉన్న. నాకేమైతది?”

“అబద్ధం చెప్పకు. దవాఖానకు వోయినవా?”

“దవాఖాన ఎందుకు? ఇంట్ల సల్లగ కూసొని చింతపండు గింజలు తీస్తున్న.”

పోశవ్వ నవ్వు ఆపుకోలేక నోట్ల కొంగు కుక్కుకున్నది. నవీన టైం చూసుకున్నది. ఇంక ఆగలేకపోయింది.

“వినోదక్కా! పార పట్టుకొని వరుసల నిలవడు! ఐదు నిమిషాలే ఉన్నది!”

ఆ అరుపు ఫోన్ల గూడ వినవడ్డది.

“ఎవలామె?” అన్నడు మల్లేష్.

వినోద చుట్టు చూసింది. అందరు ఆమె దిక్కే చూస్తుండ్రు.

“నీ ఒట్టు తప్పిన,” అన్నది మెల్లగ. “రెండు నెలల సంది పనికి వస్తున్న. ఇంట్ల ఒక్కదాన్ని ఉండలేకపోయిన. తిడితె తిట్టు. గని పని బందువెట్టు అనకు. ఈడ నేను నవ్వుకుంట ఉంటున్న.”

అవుతలికెళ్లి తిట్టు రాలే, నవ్వు వచ్చింది.

“గది నాకెర్క లేదానే పిచ్చిదానా? రెండు నెలల సంది రోజు పొద్దుగాల సైటు తెరిచి, వరుసల నీ నవ్వు మొకం చూసినంకనే డ్యూటీకి వోతున్న. ఇయ్యాల తెరిస్తె నిన్నటి ఫోటోల కొంగు కప్పుకొని ఉంటివి, ఏం రోగమొచ్చిందో అని నాస్త గూడ ముట్టలే, జర ఆ కొంగు తియ్యవే!”