అత్తగారి నూరేళ్ళు

"నేను చచ్చిపోయానని చెప్పు," అంది అత్తగారు దూడల కొట్టంలోంచి.

కోడలి చేతిలో పాలబకెట్టు కిందపడినంత పనైంది. ఇమిగ్రేషన్ ఆఫీసు కారు అప్పుడే గేటు దగ్గర ఆగింది.

"పొద్దున్నే అవేం మాటలత్తయ్యా!"

"పోనీ, ఊళ్ళో లేనని చెప్పు."

"ఈ గేటు దాటి మీరెప్పుడైనా ఒక్క పూట బయటున్నారా? ఎవరు నమ్ముతారు?"

అత్తగారు గడ్డిమోపుల వెనక్కి జరిగి కూర్చుంది. కోడలికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కట్టు తెంచుకున్న ఆంబోతుకి చీపురుకట్టతో ఎదురెళ్ళిన మనిషి ఈవిడ. భర్త పోయాక ఒంటిచేత్తో బంగాళాదుంపలు పండించి నలుగురు పిల్లల్ని పైకి తెచ్చింది. ఈవిడ కళ్ళెర్రజేస్తే కొడుకులు, మనవలు, మునిమనవలు కలిపి ముప్ఫైమంది కిక్కురుమనరు. అలాంటిది, "మీ అమ్మగారి పాత ప్రయాణ కాగితం చూడాలి, శుక్రవారం వస్తున్నాం" అని పెద్దకొడుక్కి ఫోనొచ్చినప్పట్నించీ ఆవిడకి ముద్ద దిగడం లేదు.

"పంపించేస్తారే నన్ను," అంది గొంతు తగ్గించి. "పొలమంతా నా పేరు మీదుంది. నాతోపాటు మీరంతా వీధిన పడతారు."

"ఓడ దిగి ఎనభై రెండేళ్ళయింది. ఇప్పుడు మిమ్మల్నెవరు పంపిస్తారు? పంపినా ఎక్కడికని పంపిస్తారు?"

"నీకు తెలీదులే."

ఈలోగా కళ్ళజోడు పెట్టుకున్న ఆఫీసరు, బూటుకంటిన పేడని గడ్డికి రాసుకుంటూ కొట్టం దాకా వచ్చేశాడు.

"బామ్మగారు లేరాండీ?"

కోడలు నోరు తెరిచింది. అబద్ధమింకా గొంతులోనే ఉంది, గడ్డిమోపుల వెనక ఎవరో గట్టిగా తుమ్మారు.

"ఉన్నారు," అంది కోడలు. "చూస్తున్నారుగా, నిక్షేపంలా ఉన్నారు."

అత్తగారు తలకంటిన గడ్డిపరకలు దులుపుకుంటూ లేచింది. ఆఫీసరు నమస్కారం పెట్టాడు. ఆవిడ తిరిగి పెట్టలేదు. కోడలు ఇంట్లోకి పరిగెత్తి పెట్టె అడుగునుంచి ప్రయాణ కాగితం తెచ్చిచ్చింది. అంచులు చిరిగి, మడతల దగ్గర పసుపురంగుకి తిరిగిపోయిన కాగితం. మూలన రెండు జడల పద్దెనిమిదేళ్ళ పిల్ల ఫొటో.

ఆఫీసరు ఫొటో చూశాడు. ఆవిడ మొహం చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు.

"కాస్త వెలుతురులోకి రండి బామ్మగారూ."

ఆవిడ కోడలి మోచెయ్యి పట్టుకుని రెండడుగులు వేసింది. నలభై ఏళ్ళ కాపురంలో ఆవిడ ఇంకొకరి ఆసరా పట్టుకోవడం కోడలు ఎన్నడూ చూడలేదు. ఏ తప్పూ చెయ్యని మనిషి ఇంతలా భయపడుతుందా?

"ఆ ముక్కు చూడండి!" ఆఫీసరు పకపకా నవ్వాడు. "ఎనభై రెండేళ్ళయినా అచ్చు అదే ముక్కు!"

కాగితం వెనక్కిచ్చేసి, సంచీలోంచి బంగారు అంచున్న అట్ట తీశాడు. అత్తగారు కళ్ళు గట్టిగా మూసుకుంది.

"ఈరోజుతో మీకు నూరేళ్ళు నిండాయి..."

"అయ్యో, అదేం మాటండీ!" కోడలు ఉలిక్కిపడింది.

"క్షమించాలి, పూర్తయ్యాయి! అప్పట్లో వ్యవసాయ కూలీలుగా ఈ దేశమొచ్చిన వాళ్ళలో నూరేళ్ళు చూసిన మొదటి మనిషి మీరేనండీ. తేదీ సరిచూసుకుని, ప్రభుత్వం తరఫున ఈ అభినందన పత్రం ఇచ్చిపోదామని వచ్చాను. అంతే!"

"అంతేనా?" అత్తగారు ఒక కన్ను తెరిచింది.

"అంతేనండీ."

కోడలు గోడకి చేరబడిపోయింది. నూరేళ్ళ సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు మరి. వయసెంతని అడిగితే చాలు, "పళ్ళు చూడ్డానికి నేనేమైనా సంతలో ఆవునా?" అని కసిరేది ఆవిడ.

"దానిమీద పేరు చదువు నాయనా," అంది అత్తగారు.

చదివాడు.

"మళ్ళీ చదువు."

మళ్ళీ చదివాడు. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఆపైన ఆఫీసరుని ఊరికే పోనివ్వలేదు. వద్దన్నకొద్దీ రెండు గ్లాసుల పాలు తాగించి, కారులో బస్తాడు బంగాళాదుంపలు పడేయించింది. కారు మలుపు తిరిగేదాకా చెయ్యూపుతూనే ఉంది.

ఆ తర్వాత వాకిట్లో అరుగుమీద చతికిలబడి, వంచిన నడుము ఎత్తకుండా పొలం మొత్తం కోసేసిన మనిషిలా ఊపిరి వదిలింది.

"బానే ఉంది సంబడం!" అంది కోడలు పక్కన కూర్చుంటూ. "సన్మానం చెయ్యడానికొచ్చిన మనిషిని చూసి గడ్డిలో దాక్కుంటారా? నా ప్రాణాలు పైకే పోయాయి."

"ఎనభై రెండేళ్ళు భయపడ్డానే అమ్మాయ్. ఇవాళ్టితో వదిలింది."

"దేనికత్తయ్యా అంత భయం?"

అత్తగారు చుట్టూ చూసింది. పెద్దకొడుకు దూరంగా పొలంలో ఉన్నాడు. చెవికి అంతంతమాత్రం వినబడుతుంది కూడా. ఆవిడ పత్రం మీద అక్షరాల్ని మొరటు వేలితో మెల్లిగా నిమిరింది.

"ఈ పేరు మా అక్కది, ఓడెక్కేందుకు వారముందనగా అది జ్వరమొచ్చి పోతే దాని కాగితం పట్టుకుని నేనొచ్చేశాను, ఇవాళ నూరేళ్ళు నిండింది దానికే, నాకింకా తొంభై ఏడే!"